పాత ఎక్స్230 లాప్‌టాప్, డీటీపీ పని: ముందు ర్యామ్ వేయించాలా, ఎస్ఎస్‌డీ వేయించాలా?

తెనాలి_డీటీపీ:

అందరికీ నమస్కారం. నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు, పిల్లల ప్రాజెక్టు రికార్డులు, ఏది వస్తే అది చేస్తాం. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్, ఒక పాత ఫోటోషాప్, వీటిమీదే బతుకుతున్నాను. ఇవన్నీ ఉన్నది ఒకే లాప్‌టాప్‌లో: థింక్‌ప్యాడ్ ఎక్స్230, ఐ5 థర్డ్ జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నదే, కానీ ఆ కీబోర్డు మీద చేతులు పరిగెత్తినట్టు వేరే ఏ కీబోర్డు మీదా పరిగెత్తవు, అందుకే దీన్ని వదులుకోవాలని లేదు.

పొద్దున షాపు తీసి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చాక కూడా చాలాసేపు ఏదీ కదలదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని చూపిస్తుంది. వాట్సాప్ వెబ్, పేజ్‌మేకర్ కలిపి తెరిస్తే ఇంక అంతే. దగ్గర్లో ఉన్న సర్వీసు అతను ర్యామ్ 8 జీబీ చేస్తే సరిపోతుంది అంటున్నాడు. హార్డ్ డిస్క్ తీసేసి దాని బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించమని ఇంకొకరు చెప్పారు. రెండూ ఒకేసారి వేయించే పరిస్థితి లేదు, ఏది ముందు?

దీనితోపాటు ఉన్నవాటి సంగతి కూడా చెప్పేస్తాను. ప్రింటర్ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్, ఒక్కోసారి ప్రింట్ ఇస్తే ఏమీ రాదు, కేబుల్ తీసి వేరే చోట పెడితే వస్తుంది, మర్నాడు మళ్ళీ రాదు. 22 అంగుళాల మానిటర్‌ని వీజీఏ కేబుల్‌తో పెట్టాను, అక్షరాల అంచులు మసకగా ఉంటాయి, ప్రూఫ్ చూసేటప్పుడు వత్తులు, దీర్ఘాలు సరిగ్గా కనపడక కళ్ళు లాగుతున్నాయి. కొత్త బ్యాటరీ ఒకటి కొంటే అది పెట్టగానే ఈ బ్యాటరీని సపోర్ట్ చేయదు అని మెసేజ్ వచ్చి ఛార్జింగే ఎక్కడం లేదు. వైఫై కూడా నెమ్మదే, ఫోన్‌లో వచ్చే స్పీడ్‌లో కొంతే వస్తుంది.

పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

సికింద్రాబాద్_సర్వీస్:

అన్నా, ఏదీ కొనకముందు రెండు విషయాలు చూసి ఇక్కడ రాయండి. ఒకటి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్ళి సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్ అని ఉందా 64 బిట్ అని ఉందా, ఇన్‌స్టాల్డ్ ర్యామ్ పక్కన యూజబుల్ అని ఏ అంకె ఉందో. రెండు, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి హార్డ్ డిస్క్ హెల్త్ ఏమని చూపిస్తుందో. నీలం రంగులో గుడ్ అని వస్తే తీరిగ్గా మాట్లాడుకుందాం. పసుపు రంగులో కాషన్ అని వస్తే మాత్రం మిగతా పనులన్నీ ఆపి, ముందు మీ కస్టమర్ల ఫైళ్ళు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

ఇక్కడ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో నా టేబుల్ మీదకు వచ్చే పాత లాప్‌టాప్‌లలో స్లో అని తెచ్చినవాటికి చాలాసార్లు కారణం డిస్కే. మీరు చెప్పిన లక్షణాలు కూడా అలాగే ఉన్నాయి.

గుంటూరు_అకౌంట్స్:

నా అభిప్రాయం వేరే. 2012 నాటి మోడల్ మీద ఇంకా డబ్బులు పెట్టడం ఎందుకండీ? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎయిత్ జనరేషన్ నుంచి పైన ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, మీదాంట్లో రెండూ లేవు. రీఫర్బిష్డ్‌లో ఎయిత్ జనరేషన్ ప్రాసెసర్ ఉన్న థింక్‌ప్యాడ్ టీ480 లాంటిది తీసుకుంటే విండోస్ 11 అధికారికంగానే ఎక్కుతుంది. మా ఆఫీసులో అన్నీ అలాగే మార్చేశాం, జీఎస్టీ పనులకు బ్యాంకు లాగిన్లు ఉంటాయి కాబట్టి మాకు తప్పదు.

తెనాలి_డీటీపీ:

@సికింద్రాబాద్_సర్వీస్ చూశాను అన్నా. సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్ అని ఉంది. ర్యామ్ 4 జీబీ, పక్కన 3 చిల్లర జీబీ యూజబుల్ అని ఉంది. డిస్క్ ఇన్ఫోలో పసుపు రంగు వచ్చింది, కాషన్ అని. కింద లిస్టులో 05 దగ్గర, సీ5 దగ్గర పసుపు చుక్కలు ఉన్నాయి. ఇది చూశాక గుండె జారిపోయింది, శుభలేఖల మోడళ్ళన్నీ ఇందులోనే ఉన్నాయి.

@గుంటూరు_అకౌంట్స్ గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ ఈ సీజన్ గడిస్తేగానీ నాకు అంత డబ్బు చేతికి రాదు.

సికింద్రాబాద్_సర్వీస్:

కంగారు పడకండి, లాప్‌టాప్ ఇంకా ఆన్ అవుతోంది కాబట్టి ఫైళ్ళు తీసుకోవచ్చు. 05 అంటే పాడైన సెక్టార్ల బదులు డిస్క్ తన దగ్గర విడిగా ఉంచుకున్న చోటుని వాడుకోవడం మొదలుపెట్టింది అని. సీ5 అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు ఉన్నాయని. ఇలాంటి ఒక్క సెక్టార్ దగ్గర డిస్క్ మళ్ళీ మళ్ళీ చదవడానికి ప్రయత్నిస్తూ ఉండిపోతుంది, అంతసేపూ విండోస్ ఆగిపోతుంది, మీకు 100 శాతం కనపడుతుంది. దీనికి ర్యామ్ ఎంత వేసినా లాభం లేదు.

ర్యామ్ విషయంలో ఇంకో మాట. మీ విండోస్ 32 బిట్. 4 జీబీలోనే మొత్తం వాడుకోలేక 3 చిల్లర దగ్గర ఆగిపోయింది. దీనిమీద 8 జీబీ వేయిస్తే అదనంగా వేసిన 4 జీబీ ఊరికే కూర్చుంటుంది, విండోస్ దాన్ని ముట్టుకోదు. మీ ప్రాసెసర్ 64 బిట్‌దే, విండోస్ వేసినవాళ్ళు 32 బిట్ వేశారు, అంతే తేడా. ఈ రెండు విషయాలు చూడకుండా ర్యామ్ అమ్మడం నాకు అసలు నచ్చదు. కస్టమర్ డబ్బు పోతుంది, సమస్య అక్కడే ఉంటుంది, చివరికి లాప్‌టాప్ పనికిరాదు అన్న పేరు మిగులుతుంది.

అందుకని ఎస్ఎస్‌డీ ముందు, దాంతోపాటే 64 బిట్ విండోస్, ర్యామ్ తర్వాత. పద్ధతి చెప్తాను.

ముందు కాపీ. డ్రైవ్ మొత్తం ఒకేసారి కాపీ పెట్టకండి. ఏది పోతే షాపు మూతపడుతుందో అది ముందు: పేజ్‌మేకర్ ఫైళ్ళు, శుభలేఖల బొమ్మలు, అను ఫాంట్లు, వాటి సెటప్. పేజ్‌మేకర్ ఫైల్‌లో ఫాంటు ఉండదు, పేరు మాత్రమే ఉంటుంది, బొమ్మ కూడా చాలాసార్లు లింకుగానే ఉంటుంది, కాబట్టి ఒక్క పీఎండీ ఫైల్ (పేజ్‌మేకర్ ఫైల్) కాపీ చేసుకుంటే కొత్త డిస్క్‌లో తెరిచినప్పుడు అక్షరాలు పిచ్చిగీతల్లా వస్తాయి. ఫోల్డర్ మొత్తం తీసుకోండి. ఏదైనా ఫైల్ దగ్గర కాపీ ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళండి, అక్కడే పట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి. విండోస్‌లో డిస్క్‌ని తనిఖీ చేసే చెక్‌డిస్క్ కూడా ఇప్పుడు నడపకండి, పోబోతున్న డిస్క్ మీద అది గంటల తరబడి రుద్దుతుంది. ఆ ఆగిపోయిన ఫైళ్ళు తప్పనిసరిగా కావాలంటే తర్వాత లైనక్స్‌లో (విండోస్ లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) డీడీరెస్క్యూ అనే టూల్‌తో ప్రయత్నిద్దాం, అది బాగున్న భాగాలు ముందు తీసుకుని చెడ్డవాటి దగ్గరకు చివర్లో వస్తుంది.

ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు 2.5 అంగుళాల శాటా అని, మందం 7 ఎంఎం అని చూసుకోండి. ఎక్స్230లో డిస్క్ గూడు 7 ఎంఎందే. ఎం.2, ఎన్‌వీఎంఈ అని చూపిస్తే తీసుకోవద్దు, దీనికి ఎక్కదు. లోపల ఎంశాటా పెట్టుకునే చోటు ఒకటి ఉంది గానీ అది 3 జీబీపీఎస్ లింకు, డిస్క్ గూడు 6 జీబీపీఎస్. డిస్క్ తీయడం చాలా తేలిక, బ్యాటరీ తీసేసి పక్కన మూతకున్న ఒక్క స్క్రూ విప్పితే డిస్క్ పక్కకు జారి వస్తుంది. దాని రబ్బరు పట్టీలు తీసి ఎస్ఎస్‌డీకి తొడగండి.

విండోస్‌ని క్లోన్ చేయొద్దు, అంటే పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు ఎస్ఎస్‌డీలోకి దింపొద్దు. చెడ్డ డిస్క్ నుంచి క్లోన్ చేస్తే చెడిపోయిన సిస్టమ్ ఫైళ్ళు కూడా వెంట వస్తాయి, పైగా 32 బిట్ నుంచి 64 బిట్‌కి అప్‌గ్రేడ్ అనేది లేదు, కొత్తగా వేయాల్సిందే. మీ విండోస్ 10 ఇప్పటికే యాక్టివేట్ అయి ఉంటే అదే ఎడిషన్ 64 బిట్ వేసి నెట్ కలపగానే మామూలుగా తనే యాక్టివేట్ అవుతుంది. పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి ఆన్ చేయగానే ఎఫ్12, బయోస్‌కి (లాప్‌టాప్ మూల సెట్టింగ్స్‌కి) ఎఫ్1.

పెంగ్విన్_ప్రియ:

నాకైతే ఇది లైనక్స్‌లో ఒక రకమైన మింట్‌కి సరిగ్గా సరిపోయే మెషీన్. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్స్ ఉన్నాయి. ఎక్స్230లో వైఫై, సౌండు, బ్రైట్‌నెస్ బటన్లు అన్నీ వేసిన వెంటనే పనిచేస్తాయి. తెలుగు యూనికోడ్ టైపింగ్‌కి ఐబస్ ఉంది, ఇన్‌స్క్రిప్ట్ కావాలన్నా ఇంగ్లీషు అక్షరాలతో కొట్టుకోవాలన్నా వస్తుంది. మీ 1020 ప్రింటర్ కూడా పనిచేస్తుంది, కానీ ఒక మెలిక ఉంది. ఆ ప్రింటర్ ఆన్ అయిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేర్ కంప్యూటర్ నుంచే వెళ్ళాలి, అందుకని లైనక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లకు ఉండే హెచ్‌పీలిప్ సాఫ్ట్‌వేర్ వేశాక దాని ప్లగిన్ కూడా తప్పనిసరిగా వేయాలి. చాలామంది ప్లగిన్ వేయక ప్రింటర్ చెడిపోయింది అనుకుంటారు.

అయితే అను, పేజ్‌మేకర్ కోసం వైన్‌ని (లైనక్స్‌లో విండోస్ సాఫ్ట్‌వేర్ నడిపేది) నమ్ముకోమని మాత్రం నేను చెప్పను. బతుకుతెరువు దానిమీద ఉన్నప్పుడు ప్రయోగాలు వద్దు. ఎస్ఎస్‌డీలో విండోస్‌కి కొంత, మింట్‌కి కొంత ఇచ్చి డ్యుయల్ బూట్ పెట్టుకోండి. బ్యాంకు పనులు, మెయిల్, నెట్ అంతా మింట్‌లో చేసుకుంటే సపోర్ట్ ఆగిపోయిన విండోస్‌తో ఇంటర్నెట్‌లో తిరగాల్సిన అవసరం ఉండదు.

సికింద్రాబాద్_సర్వీస్:

పెంగ్విన్ గారి మాట మంచిదే. డీటీపీ షాపులో పెన్ డ్రైవ్‌లు రోజంతా వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి విండోస్ వైపు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. విండోస్ 10కి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామన్నారు, 22హెచ్2 వెర్షన్ ఉండాలి, విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమనే లింకు కనపడితే చేరండి. రూఫస్ అనే టూల్‌తో విండోస్ 11 బలవంతంగా ఎక్కించే దారి ఉంది, నేను కస్టమర్‌కి అలా చేసి ఇవ్వను, రేపు ఏదో ఒక అప్‌డేట్ దగ్గర ఆగిపోతే పనిరోజు పోయేది వాళ్ళకే.

గుంటూరు గారూ, మీరు చెప్పిన టీ480 మంచి ఎంపికే, డబ్బులు చేతిలో ఉంటే నేనూ అదే చెప్పేవాడిని. కానీ ఈయన పని పేజ్‌మేకర్, అది 2001 నాటి సాఫ్ట్‌వేర్, దానికి ఐ5 థర్డ్ జనరేషన్ చాలా ఎక్కువ. ఇప్పుడు కొనే ఎస్ఎస్‌డీ, రేపు వేరే లాప్‌టాప్ తీసుకుంటే యూఎస్‌బీ కేస్‌లో పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు, వృథా పోదు. పాత హార్డ్ డిస్క్‌ని మాత్రం బ్యాకప్‌కి వాడొద్దు అన్నా, కాషన్ చూపించిన దాంట్లో ఫైళ్ళు దాచుకోవడం ప్రమాదం.

ఇక మిగతావి. మానిటర్: ఎక్స్230లో హెచ్‌డీఎంఐ లేదు, ఎడమ పక్కన మినీ డిస్‌ప్లేపోర్ట్ ఉంది. మీ మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే మినీ డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి, 1920 x 1080 నిక్కచ్చిగా వస్తుంది. వీజీఏ అనలాగ్ సిగ్నల్, కేబుల్ సన్నదైతే అంచులు మసకబారతాయి. కొనేలోపు మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ నొక్కి చూడండి, రిజల్యూషన్ కూడా మానిటర్ అసలు రిజల్యూషనే ఉందో లేదో చూసుకోండి. రెండు స్క్రీన్లనీ డూప్లికేట్‌లో పెడితే లాప్‌టాప్ తెర 1366 x 768 కాబట్టి పెద్ద మానిటర్‌ని కూడా ఆ స్థాయికి దించేస్తుంది, మసకకి అది కూడా కారణం కావచ్చు. ఎక్స్‌టెండ్ పెట్టండి, లేదా సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టండి.

వైఫై: ఈ మోడల్‌లో కొన్నిటికి 2.4 గిగాహెర్ట్జ్ కార్డే వచ్చింది, ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది కాబట్టి తేడా కనపడుతుంది. కార్డు మారుద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, బయోస్‌లో అనుమతించిన కార్డుల జాబితా ఉంటుంది, అందులో లేనిది పెడితే 1802 ఎర్రర్ ఇచ్చి బూటే అవదు. రూటర్ దగ్గరే ఉంటే ల్యాన్ కేబుల్ గుచ్చేయండి, లేకపోతే 5 గిగాహెర్ట్జ్ ఉన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ చాలు.

బ్యాటరీ కూడా ఇంచుమించు అదే కథ. ఈ సిరీస్ ఫర్మ్‌వేర్ బ్యాటరీని గుర్తుపట్టి ఒరిజినల్ కాకపోతే ఛార్జ్ చేయదు. ఫర్మ్‌వేర్ ప్యాచ్ చేసే పద్ధతులు నెట్‌లో ఉన్నాయి, మధ్యలో కరెంటు పోతే బోర్డు పోతుంది, మీకున్న ఒక్క లాప్‌టాప్ మీద చేయొద్దు. ఆ బ్యాటరీ వాపసు ఇచ్చేయండి, ఎక్స్230కి ఒరిజినల్ అని రాసి ఇచ్చే చోట మాత్రమే కొనండి. అప్పటిదాకా లాప్‌టాప్‌ని చిన్న యూపీఎస్ మీద నడపండి. ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి పెట్టొద్దు, లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ తట్టుకోదు.

గుంటూరు_అకౌంట్స్:

సరే, పని ఆగకూడదు అన్నది నేనూ ఒప్పుకుంటాను. ర్యామ్ తర్వాత తీసుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, డీడీఆర్3 ఎస్ఓడిమ్ 204 పిన్, 1600 స్పీడు. డీడీఆర్3ఎల్ అయినా ఫర్వాలేదు. డీడీఆర్4 అసలు స్లాట్‌లో కూర్చోదు, బలవంతంగా నొక్కొద్దు. ఇందులో రెండు స్లాట్లు, రెండూ అడుగు మూత కిందే, గరిష్ఠం 16 జీబీ. మీ 4 జీబీ ఒకే స్టిక్ అయితే ఇంకో 4 జీబీ పక్కన వేస్తే చాలు.

పెంగ్విన్_ప్రియ:

డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా వాడినవే దొరుకుతాయి కాబట్టి వేశాక ఒక రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడిపి చూడండి. ర్యామ్‌లో తప్పు ఉంటే ఎప్పుడో ఒకసారి సేవ్ చేసిన ఫైలే పాడైపోతుంది, అది దొరకబుచ్చుకోవడం చాలా కష్టం.

తెనాలి_డీటీపీ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ముందు ఫైళ్ళు కాపీ చేశాను, శుభలేఖల ఫోల్డర్ మొత్తం వచ్చింది, పాత రికార్డుల్లో కొన్ని దగ్గర ఆగింది, అన్న చెప్పినట్టు వాటిని వదిలేశాను. 240 జీబీ ఎస్ఎస్‌డీ వేసి 64 బిట్ విండోస్ ఎక్కించాను, దానంతట అదే యాక్టివేట్ అయింది. ఆన్ చేసి కుర్చీ సర్దుకునేలోపు డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. పేజ్‌మేకర్, అను రెండూ పనిచేస్తున్నాయి, పాత ఫైళ్ళలో అక్షరాలు చెక్కు చెదరకుండా తెరుచుకున్నాయి. మానిటర్ నిజంగానే డూప్లికేట్‌లో ఉంది, ఎక్స్‌టెండ్ పెట్టగానే ఒత్తులు స్పష్టంగా కనపడుతున్నాయి. ర్యామ్ ఇప్పుడే వేయించను, ఈ వేగం నాకు చాలు.

ఒక్క ప్రింటర్ మాత్రం ఇంకా అలాగే ఉంది. నిన్న వచ్చింది, ఇవాళ పేజ్‌మేకర్ నుంచి ఇస్తే రావడం లేదు. ప్రింటర్స్ లిస్టులో లేజర్‌జెట్ 1020 అని ఒకటి, అదే పేరుతో కాపీ 1 అని ఇంకొకటి ఉన్నాయి.

సికింద్రాబాద్_సర్వీస్:

జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది అన్నా. కేబుల్ ఒక్కో రోజు ఒక్కో పోర్టులో పెడుతున్నారు, విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని కాపీ 1 తయారు చేసింది. పేజ్‌మేకర్ పాత పేరుకి పంపుతోంది, ఆ పోర్టులో ప్రింటర్ లేదు, జాబ్ క్యూలో నిలిచిపోయింది.

ఇలా చేయండి. క్యూలో ఉన్నవన్నీ క్యాన్సిల్ చేసి రెండు ప్రింటర్లనీ రిమూవ్ చేయండి. ప్రింటర్ కేబుల్‌ని కుడి పక్కన ఉన్న పసుపు రంగు యూఎస్‌బీలో పెట్టండి, అది 2.0 పోర్టు, 1020కి అదే సరిపోతుంది, ఎడమ పక్కన ఉన్న రెండూ 3.0, వాటిని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి, పెన్ డ్రైవ్‌లకి ఉంచుకోండి. హబ్ ద్వారా పెట్టొద్దు. ఇప్పుడు 64 బిట్ డ్రైవర్ వేసి, టెస్ట్ పేజీ తీసి, ఆ పోర్టుకి ఒక స్టిక్కర్ అంటించేయండి, షాపులో పిల్లలు ఎవరైనా కేబుల్ పీకినా మళ్ళీ అక్కడే పెడతారు. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ పేజీ కింద లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్ అనే దానికి టిక్కు తీసేసి 1020ని డీఫాల్ట్ చేయండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా డిజేబుల్ చేయండి, మధ్యాహ్నం కాసేపు ఖాళీగా ఉన్నాక ప్రింటర్ పలక్కపోవడం అనేది దాంతో తగ్గుతుంది. అప్పటికీ రాకపోతే, లాప్‌టాప్ పూర్తిగా ఆన్ అయ్యాకే ప్రింటర్ స్విచ్ వేసి చూడండి, ఏం జరిగిందో ఇక్కడ రాయండి.